బళ్ళారి దుమ్ములో లుటీషియం

బళ్ళారిలో పనిచేసిన నాలుగేళ్ళలో నేను ఒక్క తెల్ల చీర కొనలేదు. ఉన్న రెండూ మొదటి నెలలోనే ఇటుక రంగుకు తిరిగాయి. అవి గనులు జోరుమీదున్న రోజులు. సండూరు కొండల నుంచి ఇనుప రాయి నింపుకున్న లారీలు బారులు తీరి దిగుతుండేవి. టార్పాలిన్ కప్పినా కప్పకపోయినా ఎర్రటి పొడి రోడ్ల మీద, తుమ్మచెట్ల మీద, టీ అంగడి గ్లాసుల మీద, చివరికి మనుషుల కనురెప్పల మీద కూడా ఉండేది. మావైపు దాన్ని ధూళు అంటారు. మాది అక్కడికి దగ్గర్లోనే ఉన్న రూపనగుడి. అక్కడ పుట్టి, చదువు పేరుతో బయటపడి, ఇరవై ఏళ్ళకు పైగా ఒక పెద్ద నగరంలో పరిశోధన సంస్థలో పనిచేసి, మళ్ళీ ఆ ధూళులోకే వచ్చాను. ఎవరూ తరమలేదు, నా అంతట నేనే వచ్చాను. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఈ కథలో నింద వేయడానికి అన్నిటికన్నా తేలిగ్గా దొరికేది ధూళే. నేనూ చాలాకాలం దానిమీదే వేశాను.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు మీరు. మీకు తెలిసిన విషయమే అయినా, తెలియనివాళ్ళ కోసం నా పని ఏమిటో రెండు ముక్కల్లో చెప్తాను, విసుక్కోకండి. కొన్ని రకాల క్యాన్సర్ కణాల మీద ప్రత్యేకమైన గుర్తులుంటాయి. ఆ గుర్తుల్ని వెతుక్కుంటూ పోయి అంటుకునే చిన్న ప్రోటీన్ ముక్కలున్నాయి. అలాంటి ముక్కకు లుటీషియం అనే రేడియోధార్మిక లోహాన్ని కట్టి రక్తంలోకి పంపితే, అది గడ్డ దగ్గరికి పోయి అక్కడే కూర్చుని దాన్ని కాలుస్తుంది. చిక్కంతా ఆ కట్టడంలోనే ఉంది. లోహం దానంతటది ప్రోటీన్‌కు అంటుకోదు. మధ్యలో ఒక అణువు కావాలి. అది చేతులు చాచి లోహాన్ని చుట్టూరా పట్టుకోవాలి, ఒంట్లో తిరిగినన్ని రోజులూ వదలకూడదు. వదిలితే లోహం ఎముకల్లో చేరి రక్తం పుట్టే చోటునే పాడుచేస్తుంది. ఆ పట్టుకునే అణువును కీలేటర్ అంటాం. దానికి చేతులు ఎన్ని ఉండాలి, ఎంత పొడుగుండాలి, ఎక్కడ వంగాలి అని గీసుకుంటూనే నా ఉద్యోగమంతా గడిచిపోయింది.

అప్పట్లో అందరూ వాడే కీలేటర్ గట్టిదే కానీ మహా బద్ధకస్తురాలు. దాదాపు మరిగే వేడిలో అరగంట ఉంచితే తప్ప లోహాన్ని లోపలికి రానిచ్చేది కాదు. నేను గీసిన అణువు గోరువెచ్చని వేడిలో పది నిమిషాల్లో పట్టేసేది. దానికి పేరు లేదు, ఒక నంబరు ఉండేది. లాబ్‌లో అందరం 'అమ్మాయి' అనేవాళ్ళం. అమ్మాయి మీద నాకెంత గర్వమంటే, ఎవరైనా దాన్ని గురించి అనుమానంగా ఒక మాటంటే ఆ మనిషితో వారం పాటు సరిగ్గా మాట్లాడేదాన్ని కాదు. నగరంలో కమిటీ అనుమతితో, మామూలు మందుకు లొంగని కొందరు రోగులకు ఇచ్చి చూశారు. బాగా పనిచేసింది. సరిగ్గా అప్పుడే బళ్ళారిలో గనుల సంపదతో లేచిన ఒక ఆస్పత్రివాళ్ళు రెండో కేంద్రంగా ఉంటామని ముందుకొచ్చారు. మందు కలపడానికి కెమిస్టు కావాలన్నారు. నా మాట, నా యాస, నా మనుషులు ఉన్న చోటు కదా అని సరేనన్నాను.

అక్కడ మేం నలుగురం. డాక్టరుగారు కరావళి, అంటే కన్నడ సముద్రతీరం వైపు మనిషి, వయసులో నాకన్నా చిన్న, తెలుగు అర్థమయ్యేది కానీ మాట్లాడేది తక్కువ. టెక్నీషియన్ బళ్ళారి వాడే, ఇంట్లో కన్నడం, బయట తెలుగు, చేతిపని చాలా శుభ్రం. తారానగర్ నుంచి రోజూ బస్సులో వచ్చే ఆయమ్మ ఒకామె. నాలుగోదాన్ని నేను. మందు మాత్రం నా చేత్తోనే కలపాలని మొదటి రోజే ఒక నియమం పెట్టాను. టెక్నీషియన్ అన్నీ సర్ది పెట్టాలి, లెక్క చూడాలి, కలపడం నేను. నాలుగు నెలలు నా పక్కన నిలబడ్డా అతని చేతికి ఒక్కసారి కూడా సీసా ఇవ్వలేదు. అది బాధ్యత అనుకున్నాను. ఇప్పుడు అడిగితే వేరే పేరు చెప్తాను.

వానాకాలంలో మూడుసార్లు రోగి లేకుండా ఉత్తినే కలిపి చూశాం. కలిపిన తర్వాత ఒక చుక్క తీసి కాగితం పట్టీ మీద పెడతాం. కీలేటర్ పట్టుకున్న లోహం ఒక చోటికి పోతుంది, పట్టు దొరకని లోహం ఇంకో చోట ఆగిపోతుంది. నూటికి తొంభై అయిదు పట్టుబడితేనే మందు, లేకపోతే పారేయాల్సిన నీళ్ళు. మూడుసార్లూ తొంభై ఎనిమిది వచ్చింది. నేను ఆస్పత్రి అంతటికీ మిఠాయి పంచాను. తొందరపడి మిఠాయి పంచడం నాకు చిన్నప్పటినుంచీ ఉన్న జబ్బు.

మొదటి రోగి కంప్లి అనే ఊరి రైతు. యాభై అయిదేళ్ళుంటాయి, కాలవ కింద రెండు పంటలు వరి పండించే మనిషి. పేగులో పుట్టిన గడ్డ కాలేయానికి పాకింది. ఉన్నట్టుండి ముఖం ఎర్రగా కందిపోయేది, రోజుకు పది పన్నెండుసార్లు బయటికి పోవలసి వచ్చేది. అన్ని మందులూ అయిపోయాయి. నగరానికి పోతే వరుసలో ఆయన వంతు రావడానికి నెలలు పడుతుంది, అంతదాకా ఆయన ఆగలేరని డాక్టరుగారు నాతో విడిగా చెప్పారు. కాగితాల మీద సంతకాలు పెట్టించేటప్పుడు ఆయన నన్ను చూసి, "మీది యా ఊరమ్మా, మాట మనదాని మాదిరి ఉండాది" అన్నారు. రూపనగుడి అని చెప్పాను. వెంటనే పక్కనున్న భార్యతో, "చూడు, మన అమ్మే కలుపుతాదంట మందు, ఇంగేం దిగులు" అన్నారు. ఆ మాట నాకు రెండు రోజులు కడుపు నింపింది.

అప్పటికి కార్తీకం చివరికొచ్చింది. వానలు పోయి రోడ్లు ఎండి ధూళు లేవడం మొదలైంది. లుటీషియం తెచ్చే బండి పొద్దున ఎనిమిదింటికి రావాలి. ఇనుప రాయి లారీల బారులో ఇరుక్కుని పదకొండుకు వచ్చింది. వారం తిరిగేసరికి దాదాపు సగానికి పడిపోయే లోహం అది. ఆ మూడు గంటల్లో పెద్దగా తరిగేదేమీ లేదని నాకు తెలుసు, అయినా గేటు దగ్గర నిలబడి గడియారం చూసుకుంటూ కాళ్ళు పీకేలా తిరిగాను. బండి వచ్చింది. కలిపాను. పట్టీ పెట్టాను.

అరవై ఒకటి.

మళ్ళీ పట్టీ పెట్టాను. యాభై ఎనిమిది. టెక్నీషియన్ లెక్కపెట్టే యంత్రాన్ని ఒకసారి సరిచూస్తానన్నాడు, చూశాడు, యంత్రం బాగానే ఉంది. డాక్టరుగారు వచ్చి తలుపు దగ్గర నిలబడి నా ముఖం చూశారు. ఆయనే వెళ్ళి రోగికి చెప్పారు: ఈరోజు ఇవ్వడం లేదు, ఊరికి వెళ్ళండి, మళ్ళీ కబురు చేస్తాం. అంతే చెప్పారు. నేను వెళ్ళలేదు. లాబ్‌లో ఒక మూల స్టూలు మీద కూర్చుని, కారిడారు అద్దంలోంచి ఆ భార్యాభర్తలు సంచి పట్టుకుని మెల్లగా మెట్లు దిగడం చూశాను. లేచి వెళ్ళి ఒక మాట చెప్పాలని అనిపించింది. ఏం చెప్పాలో తెలియక ఊరుకున్నాను. తెలిసిన తర్వాత చెప్పొచ్చులే అనుకున్నాను.

ఆ తర్వాతి ఆరు వారాలు నేను మనిషిలా లేను. అన్నం ముందు కూర్చుంటే పట్టీలే గుర్తొచ్చేవి. ఫోను మోగితే కంప్లి నుంచి ఏం వినాల్సి వస్తుందోనని భయం. కారణం ఏమైవుంటుందో మొదటి రోజే ఊహించాను: ఇనుము. అమ్మాయికి వేగం ఎక్కువని గొప్పలు పోయాను కదా, ఆ వేగం లుటీషియం కోసం మాత్రమే అనుకోవడం నా తెలివితక్కువతనం. ఇనుము ముందొస్తే ఇనుమునే పట్టుకుంటుంది. పట్టుకున్నాక వదలదు. వదలకుండా ఉండాలనే కదా నేను దాన్ని గీసింది. ఒక మనిషికి కలిపే మందులో అసలు పదార్థం కంటికి ఆనదు. ఒకటో రెండో మైక్రోగ్రాముల ఇనుము చాలు, సీట్లన్నీ నిండిపోయి లుటీషియం నిలబడే ఉంటుంది. మైక్రోగ్రాము అంటే ధూళు రేణువు. మేమున్నదేమో దేశమంతటికీ ఇనుము తవ్విపోసే జిల్లాలో.

అందుకని యుద్ధం మొదలుపెట్టాను. కిటికీలకు టేపు వేయించాను. లాబ్‌కు రెండో తలుపు పెట్టించాను. చెప్పులు బయటే, లోపల వేరే చెప్పులు. స్టీలు గరిటెలు తీసేసి ప్లాస్టిక్ తెప్పించాను. గాజు సామానంతా ఆసిడ్‌లో నానబెట్టించాను. నీళ్ళు, ఆమ్లం, అన్నీ నగరం నుంచి సీలు వేసిన సీసాల్లో తెప్పించాను. టెక్నీషియన్‌ను గంటకోసారి చేతులు కడుక్కోమని వేధించాను. అతను కడుక్కుంటూనే ఉన్నాడు.

చివరికి ఆయమ్మ మీద పడ్డాను. ఆమె రోజూ బల్లలన్నీ తడిగుడ్డతో తుడిచేది. ఆ గుడ్డ తడిపేది బోరు నీళ్ళతో. పట్టుబడింది దొంగ అనుకున్నాను. ఇకమీదట లాబ్‌లో అడుగు పెట్టొద్దని అన్నాను. ఆమె నోరు తెరిచి, "ధూళు పడే చోట తుడవకుంటే ఎట్లమ్మా? మా ఊర్లో పొద్దునొకసారి మాపునొకసారి తుడవకుంటే మంచం యాడుందో కనపడదు" అంది. "తుడవడం వల్లే వచ్చాయి ఈ తిప్పలన్నీ" అని కసిరాను. అంతటితో ఆగానా, ఆఫీసుకు ఒక కాగితం కూడా రాశాను, శుభ్రత విషయంలో నిర్లక్ష్యం అని. ఆమెను మర్నాడే కింద ఓపీకి మార్చారు.

ఇంత చేసినా మిగిలిన లోహంతో కలిపి చూస్తే ఒకరోజు తొంభై ఆరు, ఒకరోజు డెబ్బై. ఆ ఒడిదుడుకు నన్ను చంపింది. ఎప్పుడూ తప్పితే తప్పెక్కడో వెతకొచ్చు. ఒకరోజు వస్తుంది, ఒకరోజు రాదు, రెండు రోజులకూ తేడా ఏమిటో అర్థం కాదు. ఇక అమ్మాయినే అనుమానించాను. మధ్యాహ్నాలు తలుపేసుకుని కొత్త కీలేటర్లు గీశాను. ఒక చేయి తీసేసి, ఒక చేయి పొడుగు చేసి, ఒక మూల బిగించి. పదకొండు బొమ్మలు గీశాను. ఇరవై ఏళ్ళ నమ్మకం ఆ కాగితాల మీద ముక్కలైపోతోందని ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా.

పుష్యం మొదట్లో రెండోసారి లోహం తెప్పించారు. కంప్లికి కబురు వెళ్ళింది. ఆయన బాగా తగ్గిపోయి వచ్చారు. చొక్కా భుజాల మీద నిలవడం లేదు. నన్ను చూసి నవ్వబోయి నవ్వలేకపోయారు. డాక్టరుగారు నన్ను పక్కకు పిలిచి, నగరం నుంచి ఫోను వచ్చిందని చెప్పారు. సాయంత్రం నాలుగింటిలోపు మందు తయారైతే సరే, లేకపోతే లోహాన్ని అదే బండిలో వెనక్కి పంపాలి, అక్కడ ఇంకో రోగి ఎదురుచూస్తున్నారు. ఇక్కడి కేంద్రం గురించి తర్వాత ఆలోచిస్తాం అన్నారట. తర్వాత ఆలోచిస్తాం అంటే ఏమిటో మా ఇద్దరికీ తెలుసు. కేంద్రం పోతే పోయింది. ఈ మనిషికి ఇంకో ఆరు వారాలు లేవు.

మూత్రపిండాలను కాపాడే డ్రిప్ పదింటికే మొదలుపెట్టేశారు. మందు వస్తుందన్న నమ్మకంతోనే అది పెడతారు. నేను కోటు తొడుక్కుని, గ్లౌజులు వేసుకుని లోపలికి వెళ్ళాను. మొత్తం లోహం ఒకేసారి కలపబోతుంటే టెక్నీషియన్ మొదటిసారి అడ్డం వచ్చాడు. "మేడం, స్వల్ప తీసుకొని ముందు టెస్టు చేస్తాం. సరిగా వస్తే ఆమేలె అంతా కలుపుదాం." నాకు కోపం వచ్చింది కానీ మాట నిజమే. ఒక్క బొట్టు లోహంతో కలిపాను. పట్టీ పెట్టాను.

డెబ్బై రెండు.

కొత్త సీసాలు, కొత్త నీళ్ళు, టేపు వేసిన కిటికీలు, ఆరు వారాల యుద్ధం, డెబ్బై రెండు. గడియారం ఒంటిగంట చూపిస్తోంది. బల్ల పట్టుకుని నిలబడ్డాను. మళ్ళీ ఇంకో బొట్టు తీసుకుని కలపడం మొదలుపెట్టాను, వేరే ఏం చేయాలో తోచక.

అప్పుడు బయట అద్దం మీద ఎవరో వేలితో తట్టారు. చూస్తే ఆయమ్మ. పక్కన కంప్లి రైతు భార్య. భర్త మందు ఎక్కడ తయారవుతుందో చూడాలని ఆమె అడిగితే ఓపీ నుంచి తీసుకొచ్చిందట. నాకు ఒళ్ళు మండింది. ఏమిటన్నట్టు తల ఎగరేశాను. ఆయమ్మ తలుపు బయట నిలబడే, లోపలికి అడుగు పెట్టకుండా మాట్లాడింది.

"అమ్మా, కోపం చేసుకోకుంటే ఒకటి చెప్తా. ఇంగా కలపద్దండి."

"ఏం?"

"నన్ను తడిగుడ్డ పెట్టద్దంటిరి గదా. మరి మీ సెరగు ఏం గుడ్డమ్మా?"

నాకు అర్థం కాలేదు. ఆమె నా నడుము వైపు చూపించింది. నేను కోటు బొత్తాలు పెట్టుకునేదాన్ని కాదు. కొంగు చుట్టి నడుముకు దోపుకునేదాన్ని.

"ఇప్పుడు ఈడ నిలబడి చూస్తాంటి. సీసా తీసిండ్రి, సెరగు కొన తీసి మూత చుట్టూ తుడిసిండ్రి, ఉఫ్ అని ఊది మూత తీసిండ్రి. ఇంగో సీసాకూ అట్లనే చేసిండ్రి. ఆ సెరగు పొద్దున ఆటోలో ధూళు తాగుతా వచ్చిందే గదమ్మా."

నేను అలా చేయలేదు అన్నాను. గట్టిగా అన్నాను. అని టెక్నీషియన్ వైపు చూశాను. అతను తల దించుకున్నాడు.

"చేసిండ్రు మేడం. రోజూ చేస్తారు. నేనూ మా ఇంట్లో అంతే, లోటా అయినా తుడిచే తీసుకుంటా. ఇది తప్పని నాకు తోచనే లేదు."

మీకు నవ్వు రావచ్చు. ఆ జిల్లాలో పుట్టినవాళ్ళకు నవ్వు రాదు. మా ఇళ్ళలో చెంబు అందుకుంటే ముందు తుడుస్తాం, తర్వాత ముంచుతాం. ఎవరైనా వస్తే కుర్చీ కొంగుతోనో తువ్వాలుతోనో దులిపి, ఆ తర్వాతే కూర్చోమంటాం. పుస్తకం తెరిచేముందు ఊదుతాం. మా అమ్మ చేసింది, మా అవ్వ చేసింది. ధూళు వచ్చాక ఆ అలవాటు ఇంకా ముదిరింది. నగరంలో ఉన్నప్పుడూ చేసేవుంటాను, అక్కడ కొంగుకు ఇనుము లేదు కనుక ఏమీ కాలేదు. వానాకాలంలో కొంగు తడిసి శుభ్రంగా ఉండేది, తొంభై ఎనిమిది వచ్చింది. ఎండ కాసి, ఆటో లారీల వెనక పడిన రోజు డెబ్బై. రెండు తలుపులు, టేపులు, వేరే చెప్పులు అన్నీ దాటించి, శుభ్రత కోసమని నేనే నా చేత్తో ఇనుమును తీసుకెళ్ళి సీసా మూతికి రాశాను. నా చేయి ఏం చేస్తోందో నాకే తెలియలేదు. ఆ చేయి మీద తప్ప ప్రపంచంలో అన్నిటి మీదా అనుమానపడ్డాను.

సిగ్గుపడటానికి అప్పుడు తీరిక లేదు. నాలుగు కావడానికి మూడు గంటలే ఉన్నాయి. నేను గ్లౌజులు తీసేసి లాబ్ బయటికి వచ్చాను. టెక్నీషియన్‌తో, "నువ్వు కలుపు" అన్నాను. అతను నమ్మలేనట్టు చూశాడు. "మూత తీయని సీసాలు లోపలి అరలో ఉన్నాయి. అవి తీయి. దేన్నీ తుడవొద్దు. దేనిమీదా ఊదొద్దు." అద్దం ఇవతల నిలబడి ఒక్కొక్క అడుగూ చెప్పాను. అతని చేయి ఒకసారి అలవాటుగా కోటు అంచు వైపు పోయింది. ఆయమ్మ అద్దం మీద ఠపీమని కొట్టింది. చేయి వెనక్కి వచ్చింది. ఆమెను అక్కడే నిలబడమన్నాను, అతని చేతులు చూస్తూ ఉండమన్నాను. నన్ను నేను నమ్మలేక నా రెండు చేతులూ చంకల్లో పెట్టుకున్నాను.

బొట్టుతో చేసిన పరీక్ష తొంభై ఏడు. అయినా నాకు నమ్మకం కలగలేదు. ఇంకోసారి పట్టీ పెట్టమన్నాను. తొంభై ఏడే. అప్పుడు మొత్తం కలిపాడు. ఆ పది నిమిషాలూ నేను ఏమీ ఆలోచించలేదు, గోడ మీద ఉన్న అగ్నిమాపక యంత్రం వాడే విధానం కన్నడంలో నాలుగుసార్లు చదివాను. చివరి పట్టీ లెక్క వచ్చేసరికి మూడుంబావు. తొంభై ఏడు. టెక్నీషియన్ నా వైపు చూసి బొటనవేలు ఎత్తబోయి, ఎందుకో దించేశాడు. మూడున్నరకు మందు కంప్లి రైతు రక్తంలోకి పోవడం మొదలైంది.

మిగిలిన సంగతులు త్వరగా చెప్పేస్తాను. ఆ మందు ఆయనకు ఇంకో రెండుసార్లు ఇచ్చాం. గడ్డలు తగ్గాయి, ముఖం కందడం ఆగింది. కేంద్రం నిలబడింది. కలిపే పని టెక్నీషియన్‌కే అప్పగించాను, నాకన్నా బాగా చేశాడు. నగరానికి పంపిన నివేదికలో కారణం దగ్గర 'పరిసరాల్లోని దుమ్ము' అని రాశాను. అబద్ధం కాదు, అంత నిజమూ కాదు. ఆయమ్మ మీద రాసిన కాగితాన్ని వెనక్కి తీసుకుని, మళ్ళీ పైకి రమ్మని అడిగాను. ఆమె రాలేదు. "కిందనే బాగుండాదమ్మా, ఆడ మనుషులు పలకరిస్తారు" అంది. నేను చేసినదానికి అది చాలా మర్యాదగల జవాబు.

ఇదంతా చాలాసార్లు చాలాచోట్ల చెప్పాను. కొంగు సంగతి చెప్తే అందరూ నవ్వుతారు, ఆ నవ్వుతో ముగించడం నాకూ హాయిగా ఉండేది. ఆ సాయంత్రం జరిగిన ఇంకో ముక్క మాత్రం ఎవరికీ చెప్పలేదు.

మందు ఎక్కిన తర్వాత రోగిని ఒక రోజు విడిగా గదిలో ఉంచుతాం. ఒంట్లోంచి కిరణాలు వస్తుంటాయి కనుక దూరంగా, సీసపు తెర ఇవతల నుంచి మాట్లాడాలి. అయిదింటికి వెళ్ళాను. భార్య గుమ్మం బయట బల్ల మీద కూర్చుని ఉంది. ఆయన దిండుకు ఆనుకుని ఉన్నారు. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను.

"అమ్మా, ఒక మాట అడుగుతా. ఈ తూరి మందు నా ఒంటికి సరిపోయెనా?"

"సరిపోయిందప్పా. ఎందుకట్లా అడుగుతారు?"

"పోయిన తూరి నా రగతం చూసి, ఇంగ ఈనికి ఇచ్చినా సుమ్నే దండగ అనుకొంటిరి గదా. డాక్టరప్ప ఏం చెప్పల్యా. చెప్పకుంటే మాత్రం తెలీదా? పిలిపించి, ఇయ్యకుండా ఎనక్కి పంపిస్తిరి. మందుకే నేను పనికిరాకపోతిని అనుకొంటి."

ఆరు వారాలు. ఆ ఆరు వారాల్లో నేను ఇనుము గురించి ఆలోచించాను, చేతుల పొడుగు గురించి ఆలోచించాను, ఫోను మోగితే భయపడ్డాను. ఆయన కంప్లిలో కూర్చుని ఏమనుకుంటున్నారో ఒక్క రోజు ఆలోచించలేదు. ఇనుము ఎక్కడినుంచి వచ్చిందో మొదటి రోజు నాకు తెలియని మాట నిజమే. తప్పు ఆయన ఒంట్లో లేదని మాత్రం మొదటి రోజే తెలుసు. మెట్లు దిగుతున్నప్పుడే తెలుసు.

"కాదప్పా. మీ రక్తంలో ఏ దోషమూ లేదు. ఆ పొద్దు మందే చెడిపోయింది. చెడగొట్టింది నేనే. నేను సీసా తుడిచిన కొంగుకు ధూళు ఉండె. తప్పు నాది."

నేను తిట్లకు సిద్ధపడి నిలబడ్డాను. ఆయన గుమ్మం వైపు తిరిగారు.

"ఏమే, ఇంటాండావా? నాది కాదంట తప్పు. మందే చెడిపోయిండెనంట."

భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బల్ల మీదనే వంగిపోయింది. ఆయన మళ్ళీ నావైపు తిరిగారు. ముఖంలో ఏదో తేలికైనట్టే ఉంది, అంతలోనే ఇంకేదో గుర్తొచ్చినట్టు కళ్ళు చిన్నవి చేసుకున్నారు.

"కాలవకు నీళ్ళు ఇడిసిండ్రమ్మా. రెండో పంటకు మా చుట్టూ అందరూ నార్లు పోసుకొనిరి. నేను పోయల్యా. కోతదంకా ఉండేదే లేదు, ఎవురి కోసం పోసేది అని మడి అట్లనే ఇడిసిపెడితి." కోపమేమీ లేకుండా, ఇంట్లో మనిషితో అన్నట్టుగా అన్నారు. "ఆ పొద్దే ఈ ఒక్క మాట చెప్పింటే, నారు పోసుకొనుంటి గదమ్మా."

అప్పటికి నారు పోసే అదను దాటి మూడు వారాలైంది.